తేలు గుర్తు కారు కోసం మూడు ఊళ్లు

"ఏందిరా నాయనా, తేలు బొమ్మేసిన బండి కొంటావా?" ఫోన్‌లో ఫొటో చూపించగానే మా అమ్మ అన్న మొదటి మాట ఇది. ఆ అబార్త్ కంపెనీ పెట్టిన కార్లో అబార్త్ అనే ఆయన 1908 నవంబరులో పుట్టాడనీ, వాళ్ల లెక్కలో అది వృశ్చిక రాశి అనీ, అందుకే 1949లో కంపెనీ మొదలుపెట్టినప్పుడు తేలును గుర్తుగా పెట్టుకున్నాడనీ చెప్పాను. "రాశి అయితే సరేలే" అంది గానీ మొహంలో అనుమానం పోలేదు.

నేను వెతికింది ఫియట్ అబార్త్ పుంటో. 2015 చివర్లో మన దేశానికి వచ్చింది. పైకి మామూలు పుంటోలాగే ఉంటుంది. లోపల మాత్రం 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. టర్బో అంటే బయటికి పోయే పొగ బలంతో తిరిగి, ఇంజనులోకి గాలిని గట్టిగా నెట్టే పరికరం. ఫియట్ 2019లో ఇక్కడ కార్ల అమ్మకం ఆపేసింది. ఇప్పుడు ఎవరికి కావాలన్నా పాతదే దిక్కు. ఇలాంటి బండిని మెల్లగా తోలడానికి ఎవరూ కొనరు. గట్టిగానే తోలి ఉంటారు. తోలినవాడికి ఇంజను మీద దయ ఉందా లేదా అన్నదే చూడాలి. నాకిది రెండు బండ్లు వదిలేశాకే తలకెక్కింది.

మొదటిది చెన్నైలో. పెయింటు అద్దంలా మెరుస్తోంది. 2021 నవంబరు వానల్లో మా తిరుపతి వీధుల్లోనే కార్లు నీళ్లలో ఉండడం చూశాను. మా చిన్నాన్న కారు అప్పుడు మునిగింది. దాన్ని ఎంత కడిగినా బురద ఎక్కడ మిగిలిపోయిందో నాకు గుర్తుంది. చెన్నైలో 2015లో, మళ్లీ 2023 డిసెంబరులో వచ్చిన వరదలు తెలిసినవే. అందుకే ముందు సీటు బెల్టును చివరిదాకా లాగాను. లోపల చుట్టుకుని ఉండే ఆఖరి మూరెడు మట్టిరంగులో ఉంది. సీటు కింది పట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి. ఇంజను స్టార్ట్ చేయమని కూడా అడగలేదు. సాయంత్రానికి పుత్తూరు దాటి ఇంటికొచ్చేశాను.

రెండోది చిత్తూరులో. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు దగ్గర కాబట్టి అక్కడ మూడు రాష్ట్రాల నంబర్ల బండ్లూ అమ్మకానికి దొరుకుతాయి. చూపించిన బ్రోకరు మాట తీయగా ఉంది. "ఒక్క చుక్క ఆయిల్ తాగదు సామీ, కావాలంటే కాణిపాకం పోయి ప్రమాణం చేస్తా" అన్నాడు. వినాయకుడి దాకా ఎందుకులే అన్నా అని బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. నేను వచ్చేలోపే ఇంజను వేడి చేసి పెట్టారు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి: వేడెక్కిన ఇంజను దాని జబ్బులు చెప్పదు. రేపు పొద్దున్నే వస్తాను, అంతవరకూ తాళం తిప్పొద్దు అని చెప్పి, మర్నాడు చెప్పిన టైముకు గంట ముందే, ఆరుకే వెళ్లాను. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలిపొగ వచ్చింది. నీలిరంగు అంటే ఆయిల్ కాలుతోందని. వాల్వు సీళ్లయినా కావచ్చు, టర్బో సీలయినా కావచ్చు. అదే తెల్లగా, తీపి వాసనతో ఆగకుండా వస్తుంటే కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, లోపలికి పోతోందని అర్థం. పొగ కనిపించకూడదని ఆయన చల్లటి ఇంజనును గట్టిగా రేస్ చేశాడు. ఆయిల్ ఇంకా టర్బో దాకా సరిగా చేరని ఆ క్షణంలో అలా తొక్కడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఆ కారును రోజూ అట్లాగే మొదలుపెట్టి ఉంటారు. దండం పెట్టి వచ్చేశాను.

మూడోది బెంగళూరులో. ఓనరు మదనపల్లి వైపు ఆయనే, తెలుగులోనే మాట్లాడుకున్నాం. ఆయన్ని నేనడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, "బండి ఎట్లా ఆపుతారన్నా?" అని. ఆయన వెంటనే, "ఇంటికి కిలోమీటరు ఉండగానే మెల్లగా వస్తాను, ఆపే ముందు ఒక నిమిషం ఊరికే నడవనిస్తాను, టర్బో చల్లబడాలి కదా" అన్నాడు. కారు మీద నమ్మకం కుదిరింది ఆ జవాబుతోనే.

అయినా చూడాల్సినవన్నీ చూశాను. కారు కంప్యూటరును చదివే ఓబీడీ పరికరం పెట్టి ఫోన్‌లో చూస్తే లోపాల కోడ్‌లు ఏవీ లేవు. కోడ్‌లు లేకపోతే చాలదు. అమ్మే ముందు ఎవరైనా చెరిపేసి ఉండొచ్చు. అందుకే రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి, చూడాలి. కొత్తగా చెరిపి ఉంటే అవి పూర్తికాలేదని చూపిస్తాయి. ఇక్కడ అన్నీ పూర్తయి ఉన్నాయి. మూడో గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచి ఒక్కసారిగా తొక్కి చూశాను. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు మాత్రం పైకి ఎగిరితే క్లచ్ జారుతున్నట్టు. కొద్దిగా జారింది. టైర్ల పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2317 అని ఉంది, అంటే 2017లో 23వ వారం. అరుగుదల తక్కువే, అయినా రబ్బరు గట్టిపడిపోయి ఉంది. మెకానిక్ లిఫ్ట్ మీద పెట్టి కంప్రెషన్ చూశాడు. నాలుగు సిలిండర్ల మధ్య పెద్ద తేడా లేదు. టర్బో దగ్గరి గొట్టం విప్పి ఇరుసును ముందుకూ వెనక్కీ కదిపితే కదల్లేదు.

వాల్వుల కదలికను పిస్టన్లతో జతగా ఉంచే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పే బిల్లు దొరకలేదు. ఈ ఇంజనులో అది తెగితే వాల్వులు, పిస్టన్లు దాకా ఖర్చు పోతుంది కాబట్టి మార్చలేదనే లెక్క వేసుకున్నాను. బెల్టు, క్లచ్, నాలుగు టైర్లు, మూడూ కాగితం మీద రాసి చూపిస్తే 60 వేలు తగ్గించాడు.

ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతేనే అంత వస్తుంది. ఆయనే మొదటి ఓనరు, కాబట్టి పెద్ద దెబ్బలు తగల్లేదన్న మాటకు అదొక సాక్ష్యం. సొంత డబ్బుతో బాగుచేయించి ఉంటే అందులో పడదు గనక పెయింటు మందం మీటరు కూడా తిప్పాను. మళ్లీ పెయింటు వేసినచోట మందం ఎక్కువ చూపిస్తుంది. ఒక్క వెనక బంపరు పక్క తప్ప అన్నిచోట్లా 100, 130 మైక్రాన్ల మధ్యే చూపించింది. ఆ బోనస్ ఓనరుది, కారుది కాదు. నా పేరు మీదికి మారేటప్పుడు నాకు సున్నా నుంచే మొదలైంది.

కాగితాల దగ్గరే నా ఓపిక పరీక్షకు వచ్చింది. లోను మూడేళ్ల కిందటే తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు ఉత్తరం, ఫారం 35 పెట్టి దాన్ని తీయించేదాకా అడ్వాన్సు తప్ప ఒక్క రూపాయి ఇవ్వనన్నాను. ఆయన నొచ్చుకోలేదు, మూడు వారాల్లో చేయించాడు. తర్వాత చలానాలు కట్టి, బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఫారం 28తో ఎన్‌ఓసీ, పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు. ఇవి చేతికి రాకముందే మొత్తం డబ్బు ఇచ్చి, ఏళ్లతరబడి పక్క రాష్ట్రం నంబరుతో తిరుగుతున్నవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. బండి వయసును బట్టి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ధర మాట్లాడుకునేటప్పుడే దీన్ని కలుపుకోండి. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వెనక్కి ఇమ్మని కర్ణాటకలో విడిగా అర్జీ పెట్టుకోవచ్చు, కొత్త ఆర్‌సీ వచ్చాక నేనూ పెట్టాను.

తిరుపతిలో ఇన్‌స్పెక్టరు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయించాడు. కాగితాల్లో ఉన్న అంకెలతో ఒక్కొక్కటే పోల్చాడు. నేనూ కొనే ముందు అదే పని చేశాను కాబట్టి గుండె దడ లేదు.

నంబరు వచ్చిన వారం కాణిపాకం తీసుకెళ్లాను. పూజారి గారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అమ్మ బానెట్‌కు పసుపు రాసి, కాసేపు ఆ తేలు బొమ్మను చూసి, దాని నెత్తిన కుంకుమ బొట్టు పెట్టింది.