పిల్లల తెలుగులో జత తప్పే మాటలు

విదేశాల్లో పెరిగే మన పిల్లలకి తెలుగు మాటలు రావని అందరూ బాధపడతారు. డాలస్ దగ్గర ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న నాకు కనిపించింది వేరు. మాటలు బాగానే వస్తాయి. ఏ మాట పక్కన ఏ మాట రావాలో అక్కడే ఇంగ్లీషు దూరిపోతుంది. ‘టేక్ ఎ షవర్’ అలవాటైన నోటికి ‘స్నానం తీసుకున్నాను’ అనే వస్తుంది. ‘వేర్’ అంటే అన్నిటికీ సరిపోయే చోట పెరిగే పిల్ల చీర కట్టుకోవాలి, గాజులు వేసుకోవాలి, బొట్టు పెట్టుకోవాలి. దానికి ఇవన్నీ ఒకే పని కదా!

చలికాలంలో ఒకరోజు మా అమ్మాయి తెనాలిలో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్‌లో ‘అమ్మమ్మా, నేను చల్లగా ఉన్నాను’ అంది. ‘ఐ యామ్ కోల్డ్’ అని దాని ఉద్దేశం. మా అమ్మ మురిసిపోయి ‘నా తల్లే, ఎప్పుడూ అలాగే చల్లగా ఉండమ్మా’ అని దీవించింది. పిల్ల దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుని, అమ్మమ్మ అలా ఎందుకు అందో తెలియక నావైపు చూసింది. ‘చలేస్తోందా? స్వెట్టర్ వేసుకో’ అన్నాను. చలి వేస్తుంది, ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది, భయం వేస్తుంది. కోపం, నవ్వు, ఏడుపు మాత్రం వస్తాయి. నిద్ర వస్తుంది, ఒక్కోసారి వచ్చినా పట్టదు. ఇంగ్లీషులో ‘ఐ యామ్’ అని మొదలయ్యేవి చాలావరకు మనకి ‘నాకు’ అని మొదలవుతాయి. ఈ ఒక్కటి పట్టుబడ్డాక దాని తెలుగు ఎంత మారిందో!

ఇంగ్లీషులోనూ ఇంతే. మనం పరీక్ష రాస్తాం కాబట్టి ఇంగ్లీషులోనూ ‘రైట్’ అంటాం. హిందీ వాళ్ళు పరీక్ష ఇస్తారు కాబట్టి ‘గివ్’ అంటారు. అమెరికాలో ‘గివ్’ చేసేది టీచర్, పిల్లలు ‘టేక్’ చేస్తారు. సరిహద్దు దాటి కెనడా వెళ్తే ‘రైట్ ఎ టెస్ట్’ అక్కడ మామూలు మాట. నిర్ణయానికి అమెరికాలో ‘మేక్’ అంటే, బ్రిటన్‌లో ‘టేక్’ కూడా చెల్లుతుంది. ఫుడ్ ‘ఫాస్ట్’, షవర్ ‘క్విక్’. అర్థం దగ్గరదే అయినా తారుమారు చేస్తే ఎవరూ అలా అనరు. టీ ‘స్ట్రాంగ్’, వాన ‘హెవీ’. ఇందులో తర్కం వెతికితే దొరకదు, ఆ ఊళ్ళో ఎలా అంటారన్నదే లెక్క. అందుకే మన యాస ఇంగ్లీషుని తప్పని ఎవరైనా చిన్నబుచ్చితే నేను ఒప్పుకోను. బడిలో ఏ జత చెల్లుతుందో పిల్లలకి తెలిస్తే చాలు.

ఇలాంటి జతలకి ‘కొలొకేషన్’ అన్న పేరు భాషాశాస్త్రంలో నిలబడటానికి ముఖ్య కారకుడు బ్రిటిష్ పండితుడు జె.ఆర్. ఫర్త్. మాటని దాని తోటి మాటల్ని బట్టే తెలుసుకోవాలని 1957లో రాశాడు. అంతకు చాలా ముందు లాహోర్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. 1937లో గుజరాతీ, తెలుగు భాషల మీద పరిశోధనకి మన దేశం వచ్చాడు. ఆయన చెవిన మన తెలుగు పడిందని తెలిసి నాకెంత సంతోషమో.

మా పిల్లలు ‘పే అటెన్షన్’, ‘మేక్ ఫ్రెండ్స్’ ఎవరూ వల్లె వేయించకుండానే నేర్చుకున్నారు. తరగతిలో, ఆటస్థలంలో పదే పదే విన్నారు, వచ్చేసింది. తెలుగుకి కూడా అలాంటి చోటు కావాలి. బొమ్మల అట్టల మీద ‘పాలు’, ‘పెరుగు’ అని విడివిడిగా చూపిస్తే పాలు కాచాలని, పెరుగు తోడెయ్యాలని ఎలా తెలుస్తుంది? వంటింటిని మించిన బడి నాకు కనిపించలేదు. ఇంగ్లీషులో ‘మేక్’ అంటే గడిచిపోయే చోట మనం అన్నం వండుతాం, చారు కాస్తాం, పోపు వేస్తాం, పచ్చడి నూరుతాం, వడియాలు పెడతాం. ప్రతి పనికీ దాని మాట ఉంది. పని చేస్తూ వింటే మాట అతుక్కుంటుంది.

అందుకే ఇక్కడి స్నేహితులకి ఒకటే చెబుతుంటాను. ఊళ్ళో పెద్దవాళ్ళు ఫోన్ చేసినప్పుడు ‘బాగున్నావా, తిన్నావా’ దగ్గరే ఆగిపోకుండా, ఫోన్ పొయ్యి దగ్గర పెట్టుకుని చేస్తున్న పని చెప్పమనండి. మా అమ్మ అలాగే చేస్తోంది. ఆవిడ చెబుతుంటే విని మా చిన్నాడు పెరుగు తోడెయ్యడం నేర్చుకున్నాడు. పాలు గోరువెచ్చగా అయ్యాయో లేదో చూసి, చెంచాడు మజ్జిగ వేసి, ‘అమ్మా, తోడేశాను, కదపకు’ అంటాడు.