మహేంద్రతనయ నీళ్లు

మొక్కు తీర్చి నాలుగు రోజులే అయింది. కాళ్లు ఇంకా సలుపుతున్నాయి, గొంతు పట్టేసింది. అయినా ఇప్పుడే రాయాలనిపించింది.

మా మనవడు 2018 డిసెంబరు 17న పుట్టాడు, పెథాయ్ తుఫాను తీరం దాటిన రోజు. ఆ అక్టోబరులోనే తిత్లీ తుఫాను ఒడిశాలోని మా గజపతి జిల్లాను చితక్కొట్టి పోయింది. ఎగిరిన రేకులు మళ్లీ వేసుకుంటుండగానే ఇది. ఎనిమిదో నెల బిడ్డ. పురుడు పోసిన చోట వెచ్చగా ఉంచే పెట్టె లేదన్నారు. అల్లుడు వానలో ఫోన్లు చేసుకుంటూ తిరుగుతుంటే నేను బిడ్డను గుండెకి కట్టుకుని కూర్చుని మొక్కేశాను. “గోకర్ణేశ్వరా, వీడు బతికితే మహేంద్రతనయ నీళ్లు మోసుకొచ్చి నీకు అభిషేకం చేయిస్తాను.” ఆ స్వామి ఉన్న మహేంద్రగిరి కొండల్లో పుట్టిన ఏరే కదా మా పర్లాకిమిడి పక్కనుంచి పారేది.

తర్వాత కరోనా, ఆ తర్వాత నా మోకాళ్లు. వాడికి ఆరేళ్లు నిండాక బయలుదేరుదాం అనుకుంటే మళ్లీ బంగాళాఖాతంలో వాయుగుండం. మా ఆయన ఆగుదామన్నారు. ఆరేళ్లు ఆగాను, ఇక నా వల్ల కాదన్నాను. పిల్లాణ్ణి మాత్రం వాళ్లమ్మ దగ్గరే వదిలి, స్టీలు క్యాను నిండా ఏటి నీళ్లు పట్టుకుని జీపెక్కాం.

వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని మా అబ్బాయి లెక్కలు చెబుతూనే ఉన్నాడు. మహేంద్రగిరి 1501 మీటర్లు. లెక్క సరే, ఒంటికి తెలిసేది వేరు. డిసెంబరు వానలో తడిస్తే బట్ట ఆరదు, ఎముక లోపల కూర్చుంటుంది. పైన మబ్బులోకి దూరాక వాన మీదనుంచి కాదు, పక్కనుంచి కొట్టింది. జీపు దిగి నడుస్తుంటే తడిసిన బండ మీద కాలు జారింది. దెబ్బ పెద్దగా తగల్లేదు. క్యాను మూత ఊడి నీళ్లన్నీ రాళ్ల సందుల్లోకి పోయాయి.

అక్కడే కూలబడి ఏడ్చాను. పాలిథిన్ కప్పుకుని కట్టెల మోపుతో వస్తున్న ఒక సవర ముసలమ్మ నన్ను చూసి ఆగింది. చెయ్యి పట్టుకుని తన గుడిసెకి తీసుకెళ్లి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేడివేడి చోడంబలి గిన్నెలో పోసి ఇచ్చింది. గిడుగు వారు మా ఊళ్లోనే ఉండి సవర నేర్చుకుని నిఘంటువు రాశారు. అదే ఊళ్లో పుట్టిన నాకు ఒక్క మాటా రాదు, చూడండి. ఒడియాలోనే నా గోడు చెప్పుకున్నాను. ఆమె నవ్వింది. క్యాను తీసుకుని వానలోకి వెళ్లి, వెనకాల వాగులో ముంచి తెచ్చింది.

“మీ ఊరు చేరకముందు అది ఇక్కడే ఉంటుంది కదా, అప్పా.”

డబ్బిస్తే పుచ్చుకోలేదు. మా ఆయన జేబులోని అగ్గిపెట్టె మాత్రం అడిగి తీసుకుంది, తనది తడిసిపోయిందట.

గోకర్ణేశ్వరుడున్న కుంతి గుడి దగ్గరికి వెళ్తే జనం! పిక్నిక్‌కి వచ్చిన కుర్రాళ్లు వాన పడేసరికి అందరూ గుడిలోకే దూరారు. బురద బూట్లు, సెల్ఫీలు, పైగా స్పీకరు. పరశురాముడు ఇప్పటికీ ఇక్కడే తపస్సు చేస్తున్నాడంటారు, ఆ పాటలకి ఆయన కూడా లేచి పోయుంటాడు. నా కోపం గర్భగుడి గుమ్మం దాకా నాతోనే వచ్చింది.

లోపల చీకటి. పూజారి కానివ్వండి, కానివ్వండి అంటున్నాడు. మబ్బు మాతోపాటే గుమ్మం దాటి లోపలికి వచ్చింది. దీపం ఒక్కసారి లేచింది. తడి నల్లటి లింగం, దాని మీదనుంచి జారుతున్న వాగు నీళ్లు కనిపించాయి. అంతే, మళ్లీ మసక. ఆ రెండు క్షణాలూ స్పీకరు నాకు వినపడలేదు. నిజంగా ఆగిందో ఏమో.

భీముడి గుడి ఇంకా పైన. ఆ పెద్ద పెద్ద బండలు చూడాలని మా అబ్బాయికి ఆశ. దారే కనపడక దిగిపోయాం.

ఇంటికొచ్చేసరికి వాన తగ్గింది. టీవీలో సిమ్లా మంచు చూపిస్తున్నారు. ఆ మంచు తెచ్చేవి మన బంగాళాఖాతం తుఫాన్లు కావట, పడమట మధ్యధరా వైపు నుంచి వస్తాయట. మా అబ్బాయి ఇంకా ఏదో చెబుతుండగా నేను మనవణ్ణి పిలిచి, క్యాను అడుగున దాచి తెచ్చిన నీళ్లు తల మీద చల్లబోయాను. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

“చల్లగా ఉన్నాయి అమ్మమ్మా, వేడి చేసి చల్లు.”