గరుసు నేల మామిడికి ఎరువు ఎప్పుడు, ఎక్కడ

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం, ఐరాల, తవణంపల్లె వైపు తోతాపురి తోటలు చాలావరకు ఎర్ర గరుసు నేలల్లోనే ఉన్నాయి. కాపు తగ్గిందంటే చాలు, ఇంకో బస్తా యూరియా చల్లేస్తారు. కానీ గరుసు నేలలో నీళ్లు నిలవవు, నత్రజనీ నిలవదు. ఒక్క పెద్ద వాన పడితే యూరియా వేర్లను దాటి కిందికి దిగిపోతుంది.

పదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి కిలో చొప్పున కావాలి. అంటే యూరియా 2.2 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 6.25 కిలోలు, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 1.7 కిలోలు. చిన్న చెట్లకైతే ఒక్కో పోషకం వయసు ఏడాదికి 100 గ్రాముల లెక్క.

సూపర్ ఫాస్ఫేట్ మొత్తం, మిగతా రెండిట్లో మూడింట రెండు వంతులు కోత అయిపోగానే జూలై తడిలో వేయాలి. మిగిలింది పిందె బఠాణీ గింజంత అయ్యాక, అదీ బోరులో నీళ్లుంటేనే. వానాధారపు తోటైతే ఆగస్టులోపే రెండు విడతలుగా ముగించాలి. అక్టోబరులో వేస్తే పూత రావాల్సిన కొమ్మ చిగురేస్తుంది. పూత కనబడేదాకా నీళ్లు ఆపేదీ ఇందుకే.

మొదలు దగ్గర పోసిన ఎరువు సగం దండగే, తిండి తీసుకునే సన్న వేర్లు అక్కడ ఉండవు. మొదలుకు ఐదారు అడుగుల దూరంలో చుట్టూ జానెడు లోతు గాడి తీసి, 50 కిలోల బాగా మాగిన దిబ్బ ఎరువుతో కలిపి వేసి మట్టి కప్పాలి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. వేసవిలో చెరువు మట్టి దొరికితే వదలొద్దు, గరుసు నేలకు తడి పట్టే గుణం తెచ్చేది అదే. వాలు భూమిలో చెట్టుకు దిగువన అర్ధచంద్రాకారంలో కట్ట వేస్తే వాన నీరు పాదులోనే ఇంకుతుంది. తొలకరికి సాళ్ల మధ్య జనుము చల్లి, ఆ జనుము పూతకొచ్చినప్పుడు కలియదున్నాలి.

ఆకులు చిన్నవై, కొమ్మ చివర గుత్తిలా ముడుచుకుంటే అది జింకు లోపం. లీటరుకు 5 గ్రాముల జింకు సల్ఫేటు, 10 గ్రాముల యూరియా కలిపి కొత్త చిగురు మీద పిచికారీ చేయాలి. కాయ పగులుతుంటే బోరాన్ లోపం కావచ్చు. లీటరుకు గ్రాము బోరాక్స్ చాలు, మోతాదు మించితే ఆకుల అంచులు మాడతాయి.

పూత కోసం పాక్లోబ్యూట్రజాల్ (చిగురు పెరుగుదలను ఆపి పూత తెప్పించే మందు) పోయమని సలహా ఇచ్చేవాళ్లు ఊరికి నలుగురుంటారు. బలం లేని చెట్టుకు పోస్తే ఒక ఏడు విరగకాసి, ఆ తర్వాత కొమ్మలెండుతాయి. ముందు రెండేళ్లు దిబ్బ ఎరువు, చెరువు మట్టి పడనివ్వండి, ఆ మందు సంగతి అప్పుడు చూసుకోవచ్చు.