వల ఊయలలో నిద్ర: బిగించి కడితే నడుం నొప్పి, వదులుగా కడితే సుఖం

వల ఊయల కొని, రెండు మధ్యాహ్నాలు పడుకుని, నడుం పట్టేసిందని అటక మీదికి విసిరేసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. తప్పు ఊయలది కాదు, కట్టిన తీరుది. నవారు మంచం సడలితే నడుం నొప్పి వస్తుంది కాబట్టి నవారు బిగిస్తాం. ఆ అలవాటుతోనే ఊయలనీ రెండు చెట్ల మధ్య బట్టలారేసే తాడులా లాగి కడతాం. ఊయల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. బిగించిన కొద్దీ అంచులు రెండూ పైకి లేచి భుజాలను నొక్కేస్తాయి, మనిషి పక్కకి కదల్లేక నిలువునా పడుకుని అరటిపండులా వంగిపోతాడు. వదిలి కడితే గుడ్డ విచ్చుకుంటుంది, ఐమూలగా పడుకునే చోటు దొరుకుతుంది.

ఐమూలగా అంటే తల మధ్యగీతకి ఒక అడుగు ఎడమకి, పాదాలు ఒక అడుగు కుడికి. అటూ ఇటూ మార్చుకున్నా ఫరవాలేదు. అలా జరగ్గానే వీపు కింద గుడ్డ దాదాపు బల్లపరుపుగా మారడం తెలుస్తుంది. మెక్సికోలోని యుకతాన్‌లో మాయా అనే తెగ కుటుంబాలు పడుకునేది ఇలాగే. అక్కడ ఇళ్ల గోడలకి ఊయల కొక్కేలు ముందే ఉంటాయి, పగలు ఊయల చుట్టి పక్కకి తగిలిస్తే గది ఖాళీ. 1492లో కొలంబస్ బహామాస్‌లో దిగినప్పుడు అక్కడివాళ్లు నూలు వలల్లాంటి పడకల మీద పడుకోవడం చూసి రాసుకున్నాడు. ‘హ్యామక్’ అన్న మాటకి మూలం ఆ ప్రాంతపు టైనో భాషలోని ‘హమాకా’. అంటే ఇది సెలవు రోజు సరదాకి పుట్టిన వస్తువు కాదు, రోజూ రాత్రి పడుకునే పక్క.

ఇక కొలతలు. మనిషి పడుకున్నప్పుడు ఊయలకి తగిలించిన పట్టీ నేలకి సమాంతరంగా ఉండే గీతతో 30 డిగ్రీల కోణం చేయాలి. కోణం కొలిచే పరికరం అక్కర్లేదు. చూపుడు వేలిని అడ్డంగా, బొటనవేలిని నిలువుగా చాపండి. ఆ రెండు వేళ్ల కొసలనీ కలిపే గీత ఎంత ఏటవాలుగా ఉందో పట్టీ కూడా సుమారుగా అంత ఏటవాలుగా ఉంటే చాలు.

ఈ కోణం సుఖం కోసమే కాదు. 70 కిలోల మనిషి కదలకుండా పడుకున్నప్పుడు, 30 డిగ్రీల దగ్గర ఒక్కో వైపు పట్టీ మీద పడే లాగుడు 70 కిలోలు. 15 డిగ్రీలకి తగ్గిస్తే 135 కిలోలు. 10 డిగ్రీలైతే 200 కిలోలు దాటుతుంది. ధబ్బున కూలబడితే ఇంకా ఎక్కువ. ‘నా బరువుకే కొక్కెం ఊడింది’ అనేవాళ్లలో చాలామంది ఊడగొట్టుకున్నది బరువుతో కాదు, బిగింపుతో.

చోటు మారినప్పుడల్లా కోణం సరిచూసుకోవడం విసుగు. దానికి చిట్కా, ఊయల రెండు కొసలనీ కలుపుతూ పైన ఒక సన్నని సాగని తాడు కట్టేయడం. కొసలు కుచ్చుగా కట్టిన గుడ్డ ఊయలైతే దాని పొడవులో 83 శాతం ఈ తాడు ఉండాలి. 11 అడుగుల ఊయలకి 9 అడుగుల ఒకటిన్నర అంగుళం. చెట్లు దగ్గరున్నా దూరమున్నా ఇక ఊయల వంపు మారదు. తాడు కొద్దిగా బిగుసుకుని, వేలితో నొక్కితే వంగేలా ఉండాలి. వీణ తీగలా మోగుతుంటే పట్టీలు వదలండి.

కొక్కేల మధ్య 13 అడుగుల దూరం ఉందనుకుంటే, 11 అడుగుల ఊయలకి కొక్కెం నేల నుంచి ఐదున్నర అడుగుల ఎత్తులో పెట్టాలి. దూరం ఒక్కో అడుగు పెరిగితే ఎత్తు మూడున్నర అంగుళాలు పెంచండి. పట్టీ, గుడ్డ సాగుతాయి కాబట్టి పైన మరో రెండు మూడు అంగుళాలు కలుపుకోవచ్చు. కూర్చున్నాక కిందిభాగం కుర్చీ ఎత్తులో, అంటే ఒకటిన్నర అడుగు దగ్గర ఉంటే సరి. అంతకంటే ఎత్తు కడితే ఎక్కడం కష్టం, పడితే దెబ్బ. కింద రాళ్లు, గడప, బల్ల అంచు లేకుండా చూసుకోవాలి.

చెట్టుకి కట్టేటప్పుడు కనీసం అంగుళం వెడల్పున్న పాలిస్టర్ పట్టీ వాడండి. సన్న తాడు బెరడులోకి కోసుకుపోయి చెట్టుని దెబ్బతీస్తుంది. నైలాన్ పట్టీ తడిస్తే సాగి, తెల్లవారేసరికి మిమ్మల్ని నేలకి దించుతుంది. వేప, మామిడి, చింత మొదళ్లు మంచివి, ఎనిమిది అంగుళాల మందం తగ్గకూడదు. కొమ్మలకి కాదు, మొదలుకే కట్టాలి. మునగ చెట్టు సంగతి తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. కొబ్బరి మాను గట్టిదే కానీ పైన కాయలు, ఎండుమట్టలు ఉంటే దాని నీడలో నిద్ర వద్దు. కారబినర్ (పట్టీని ఊయలకి తగిలించే, తెరిచి మూసే లోహపు కొక్కెం) మీద అది ఎంత బరువు ఆపుతుందో అచ్చు వేసి ఉండాలి, ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోలు. తాళంచెవుల గుత్తికి తగిలించేవి వద్దు.

ఇంట్లో అయితే ఒక్కటే మాట: పిల్లర్ లేదా బీమ్. పది లేదా పన్నెండు ఎంఎం యాంకర్ బోల్టు, ప్లాస్టర్ మందం లెక్కలోంచి తీసేసి కాంక్రీటులోకి కనీసం మూడు అంగుళాలు దిగాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు తేలికపాటి ఏఏసీ (గాలి బుడగల కాంక్రీటు) బ్లాకులతో కట్టినవి, వాటిలో మామూలు బోల్టు లాగితే వచ్చేస్తుంది. డాబా మీద పిట్టగోడకీ, గేటు పక్కన ఒంటరిగా నిలబెట్టిన ఇటుక దిమ్మెకీ అస్సలు కట్టకండి. ఊయల పక్కకి లాగుతుంది, దిమ్మె మన మీదకి కూలుతుంది. ప్రాణాలు పోయే తప్పు ఇదే. ఫ్యాను కొక్కెం కూడా నిలువు బరువు కోసం పెట్టింది, పక్క లాగుడు కోసం కాదు.

ఏది కొనాలి? రెండు చివరలా కర్ర ఉన్నవి ఫొటోలకి బాగుంటాయి. గుడ్డ బిగుతుగా, బరువు పైకి ఉండటం వల్ల ఇట్టే తిరగబడతాయి, ఐమూలగా పడుకోనివ్వవు. నిద్రకి పనికిరావు. రోడ్డు పక్క అమ్మే లావు ముడుల నైలాన్ వల ప్రతి ముడి దగ్గరా ఒంటికి గుచ్చుకుంటుంది, ఉన్నదే వాడాలంటే మందపాటి దుప్పటి పరవండి. నిద్రకి సరైనవి రెండు: సన్న నూలుతో ముడులు లేకుండా అల్లిన యుకతాన్ రకం, లేదా కనీసం ఐదడుగుల వెడల్పున్న గుడ్డ రకం. నూలు చెమట పీలుస్తుంది కానీ వానాకాలంలో ఆరక బూజు పడుతుంది. పారాచూట్ నైలాన్ తేలిక, గంటలో ఆరుతుంది, ఒంటికి మాత్రం అతుక్కుంటుంది. మన ఎండలకి నా ఓటు నూలుకే.

ఎక్కేటప్పుడు ఒక కాలు ముందు పెట్టడం పడిపోవడానికి దగ్గరి దారి. వీపు వెనక గుడ్డని రెండు చేతులా విప్పి పట్టుకుని, మధ్యలో కూర్చుని, వెనక్కి వాలి, కాళ్లు రెండూ ఒకేసారి లోపలికి తిప్పి, అప్పుడు ఐమూలకి జరగాలి. పిక్కల కింద గుడ్డ గట్టిగా ఒత్తుతోందా? పాదాల వైపు కొసని ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తుకి కట్టండి. మోకాళ్లు వెనక్కి వంగి లాగుతుంటే కింద చిన్న దిండు పెట్టండి. మెడకి మంచం మీది దిండు ఎక్కువ, చుట్టిన తువాలు చాలు.

లాభం ఎంత అనే ప్రశ్నకి కాస్త జాగ్రత్తగా జవాబు చెప్పాలి. జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో పన్నెండు మంది మగవాళ్లని మెల్లగా ఊగే పడక మీద 45 నిమిషాల కునుకు తీయించారు. కదలని పడక కంటే త్వరగా నిద్రపట్టింది, నిద్ర లోతూ పెరిగింది. 2019లో పద్దెనిమిది మందితో రాత్రంతా చేసిన ప్రయోగంలోనూ గాఢనిద్ర పెరిగి, మధ్యలో మెలకువలు తగ్గాయి. అయితే అవి యంత్రం ఊపిన మంచాలు. నాలుగు సెకన్లకి ఒక ఊపు, ఆగకుండా. వల ఊయల ఒక ఊపు రెండు సెకన్ల పైచిలుకు, అదీ కొన్ని నిమిషాల్లో ఆగిపోతుంది. లోలకం పొడవు పెరిగితే ఊపు నిదానిస్తుంది కాబట్టి, దూలానికి ఎనిమిది అడుగుల గొలుసులతో వేలాడే మన ఉయ్యాల బల్లే మూడు సెకన్లతో ఆ ప్రయోగానికి దగ్గర! పక్కనున్న గుంజకి ఒక దారం కట్టి చేతికందేలా పెట్టుకుంటే, నిద్రపట్టేదాకా లాగుతూ ఊగొచ్చు.

ఊయల నిజంగా గెలిచేది వేసవిలో. పరుపు ఒంటి వేడిని పట్టి ఉంచుకుని తిరిగి మనకే ఇస్తుంది. ఊయలలో నాలుగు వైపులా గాలి. రెంటచింతల మే నెల రాత్రిలో కూడా టేబుల్ ఫ్యాను కింది నుంచి తిప్పితే తేడా వీపుకే తెలుస్తుంది. తోటలో పడుకునేవాళ్లకి తేలు, జెర్రి, నేల చెమ్మ బాధ తగ్గుతుంది. అదే గుణం డిసెంబరులో లంబసింగిలో శత్రువవుతుంది. ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వీపు కింద గాలి వేడిని లాగేస్తుంది, లోపల ఫోమ్ చాప వేయాల్సిందే. దోమలు కూడా పలచని గుడ్డలోంచి కింది నుంచే కుడతాయి. కాబట్టి పైన కప్పే దోమతెర చాలదు, ఊయల మొత్తాన్ని కింద కూడా చుట్టేది కావాలి.

నడుం నొప్పి నయమవుతుందని మాత్రం చెప్పను. బోర్లా పడుకునే అలవాటున్నవాళ్లకి ఊయల సరిపడదు. నెలలు నిండుతున్న గర్భిణులకి, వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్లకి, కళ్లు తిరిగే జబ్బున్నవాళ్లకి దిగడమే ప్రమాదం. పసిపిల్లలని పెద్దల ఊయలలో నిద్రపుచ్చవద్దు: వంపులో గడ్డం ఛాతీకి ఆని ఊపిరి అడ్డుపడుతుంది. వల కన్నాల్లో మెడ చిక్కుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఆడుకునే పిల్లలని ఒంటరిగా వదలొద్దు, వాడనప్పుడు ఊయల విప్పేయండి.

విప్పడం ఊయలకీ మంచిదే, నైలాన్ ఎండకి పెళుసెక్కుతుంది. నూలుదైతే పూర్తిగా ఆరాకే చుట్టి, ఎలుకలకి అందకుండా వేలాడదీయండి. నెలకోసారి మధ్యభాగం కాదు, కొసల దగ్గర కుచ్చు కట్టిన చోటూ, తాడు కొక్కేనికి రాసుకునే చోటూ వేళ్లతో తడిమి చూడండి. అక్కడ నూగు లేచి ఉంటే ఆ తాడు మార్చాకే పడుకోవాలి.