ఆ ఫొటోలో నేను లేను

అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలైంది. నూనె వాసన ఇంకా చేతుల్లోనే ఉంది, నిద్ర రావడం లేదు.

సంక్రాంతికి నేను ఉండను కదా, అత్తమ్మ ముందే సకినాలు మొదలుపెట్టారు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి పొద్దున్నే తెల్లగుడ్డ పరుచుకుని కూర్చున్నాం. నా చుట్టు మూడోసారి తెగినప్పుడు ఫోను మోగింది. ఏడాది చివర అని అమెరికాలో నాతో చదివే మా తరగతి పిల్లలు పాత ఫొటోలన్నీ గ్రూపులో పెడుతున్నారు. అందులో టెక్సస్‌లోని గాల్వెస్టన్ సముద్రం దగ్గర తీసింది ఒకటి. అయిదుగురూ ఉన్నారు. నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులప్పటిది. ఆ నాలుగు రోజులూ నేను డాలస్‌లోనే, గదిలో ఒక్కదాన్నే పప్పన్నం తింటూ ఉన్నాను.

వాళ్లకు 22, 23 ఏళ్లు. నాకు 37. జ్వరమొస్తే అక్కా, అద్దెకు తక్కువైతే అక్కా, రాత్రి పదకొండింటికి పులిహోర తినాలనిపిస్తే అక్కా. చదువు సాగే రోజుల్లో మాలాంటి విదేశీ విద్యార్థులను క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయనివ్వరు. ఆ డబ్బులోంచే సర్దాను, ఏనాడూ లెక్క అడగలేదు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్క గుర్తుకు రాలేదు. కారులో చోటు లేదంటారు. అడిగితే నేనే వద్దనేదాన్నేమో. కానీ అడగాలి కదా!

మరి ఆ ఎంగిలిపూల బతుకమ్మ నాడు? హనుమకొండలో బతుకమ్మ ఆడే పద్మాక్షి గుట్ట కళ్లలో మెదులుతుంటే పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం కరీంనగర్ పిల్లవాడు ఎక్కడెక్కడో తిరిగి చేమంతులు తెచ్చాడు. "తంగేడు దొరకలేదక్కా" అని తప్పు చేసినవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు. గునుగూ లేదు. స్టీలు పళ్లెంలో నేను పేరుస్తుంటే కాడలు తుంచిపెట్టాడు. ప్రతి కాడా చూపించి "ఇంత చాలా అక్కా?" అని అడిగాడు. వాళ్లింట్లో అమ్మ, చెల్లెలు పేరుస్తుంటే ఒక్కనాడూ దగ్గర కూర్చోలేదట. కార్లు నిలిపే చోట బతుకమ్మను పెట్టి, చుట్టూ తిరిగి ఆడాం. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

ఇది రాస్తుంటే ఇంకొకటి తడుతోంది. సెప్టెంబరులో వాళ్లు నన్ను రెండుసార్లు పిలిచారు. "మీరు వెళ్లండి, చదువుకోవాలి" అన్నాను. చదవలేదు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇక్కడ ఉదయం ఏడు. పాపకు అత్తమ్మ జడలు వేస్తుంటే ఫోనులో చూస్తూ కూర్చున్నాను. ఆ మాట వాళ్లకు చెప్పలేదు. అక్కకు మనతో తిరగడం ఇష్టం లేదని వాళ్లు అనుకుని ఉంటారు. అనుకోరా మరి? అయినా ఆ ఫొటో తెరిచినప్పుడల్లా మనసు చివుక్కుమంటూనే ఉంది.

ఇప్పుడే మళ్లీ మోగింది. "అక్కా, సకినాలు తెస్తున్నావు కదా?"

23 కిలోల పెట్టెలు రెండు. ఒకటి పచ్చళ్లతోనే సగం నిండింది. నేను అడగకముందే అత్తమ్మ "ఇది పిల్లలకు" అని పెద్ద డబ్బా పక్కన పెట్టారు. విరగకుండా వరుసకో కాగితం వేసి సర్దాను. జవాబు ఇంకా రాయలేదు. పొద్దున రాస్తాను. గాల్వెస్టన్ సంగతి కూడా అడుగుతాను.