హార్ట్ ఫెయిల్యూర్, నిద్రలో ఆగే ఊపిరి: నా స్లీప్ స్టడీ అనుభవం

నాకు హార్ట్ ఫెయిల్యూర్ అని తేలి కొన్నేళ్లయింది, ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందనే లెక్క) 30 దగ్గర్లో తిరుగుతుంది, మందులు వేళకి వేసుకుంటా, ఉప్పు తగ్గించా, రోజూ బరువు చూసుకుంటా, అయినా నడిరాత్రి ఊపిరాడక దిగ్గున లేచి కూర్చోవడం మాత్రం పోలేదు. ఒంట్లో నీరు చేరిందేమో అని నేనంటే మా ఆవిడ ఒప్పుకోదు. "మీకు తెలీదండీ, గట్టిగా గట్టిగా ఊపిరి తీస్తారు, మెల్లమెల్లగా తగ్గిపోద్ది, తర్వాత అసలు ఉండదు, కుదుపుదామని నేను చెయ్యి వేసేలోపు మళ్లీ మొదలవుద్ది" అని. గురక కూడా పెద్దగా లేదు. ఆవిడే ఫోన్లో వీడియో తీసి కార్డియాలజిస్ట్‌కి చూపించింది, ఆయన చూసి స్లీప్ స్టడీ రాశారు.

అంతకుముందు ఒక ఫారం ఇచ్చారు, టీవీ చూస్తూ కునుకు పడుతుందా, ప్రయాణంలో నిద్రొస్తుందా ఇలాంటివి. నాకు దాదాపు అన్నీ సున్నాలే. మరి టెస్ట్ ఎందుకండీ అన్నా. హార్ట్ ఫెయిల్యూర్ వాళ్లలో చాలామందికి పగటి మగత ఉండదు, స్కోరు తక్కువుందని వదిలేయలేం అన్నారు.

టెస్ట్ రాత్రి సంగతి ఏం చెప్పను. తలంతా వైర్లు, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్లకి, ముక్కులో సన్న గొట్టం, వేలికి క్లిప్పు, ఛాతీకో బెల్టు పొట్టకో బెల్టు. ఎలాగో నిద్రపట్టింది. అసలు కీలకం ఆ బెల్టులే అని తర్వాత తెలిసింది. గొంతు మూసుకుపోయి గాలి ఆగితే ఛాతీ, పొట్ట పెనుగులాడుతూనే ఉంటాయి, బెల్టులు కదులుతాయి. ఊపిరి తీయమని మెదడే చెప్పకపోతే బెల్టులు కూడా కదలవు. మొదటిది అబ్‌స్ట్రక్టివ్, రెండోది సెంట్రల్.

ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి నాకు గంటకి 34 సార్లు వచ్చింది, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంట, అందులో ఎక్కువ సెంట్రలే. డాక్టర్ స్క్రీన్ మీద చూపించారు, అల పెరుగుతుంది, తగ్గుతుంది, సాఫు గీత, మళ్లీ అల. దీన్ని చెయిన్-స్టోక్స్ శ్వాస అంటారు, దీని గురించి 1818లో ఒకరు, 1854లో ఒకరు రాసిన ఇద్దరు డబ్లిన్ డాక్టర్ల పేర్లవి. నాకు వింతగా అనిపించింది ఇంకోటి, నేను మళ్లీ ఊపిరి తీయడం మొదలెట్టాక గానీ వేలి దగ్గర ఆక్సిజన్ పడిపోవడం కనపడట్లేదు. గుండె నెమ్మదిగా తోస్తుంది కాబట్టి రక్తం ఊపిరితిత్తుల నుంచి అక్కడికి చేరడానికి టైం పడుతుందంట, మెదడుకి కూడా కబురు ఆలస్యమే. వేడినీళ్లు రావట్లేదని కుళాయి ఇంకా ఇంకా తిప్పి, కాలగానే కట్టేసినట్టు, మెదడు ముందు ఎక్కువ ఊపిరి తీయిస్తుంది, దాంతో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గి అసలు ఆపేస్తుంది.

ఈలోపు మెషిన్లు అమ్మే అతను ఫోన్ల మీద ఫోన్లు, మాస్క్‌లోంచి గాలి ఎంత తోయాలో శ్వాసని బట్టి దానంతటదే సర్దుకునే ఏఎస్‌వి అయితే మీకు సూపర్ సార్ అని. డాక్టర్ ఖచ్చితంగా వద్దన్నారు. 2015లో సెర్వ్-హెచ్‌ఎఫ్ అనే పెద్ద ట్రయల్‌లో ఈఎఫ్ 45 లేదా అంతకన్నా తక్కువుండి, ఎక్కువగా సెంట్రల్ ఉన్నవాళ్లకి అది పెడితే గ్రాఫ్ బాగుపడింది గానీ గుండె జబ్బు మరణాలు పెరిగాయి. నా రిపోర్టు అచ్చం అదే కోవ. అమ్మేవాడు నా ఈఎఫ్ ఎంత అని ఒక్కసారి కూడా అడగలేదు మరి.

ముందు గుండెకే వైద్యం అన్నారు. నీరు పోయే మాత్ర డోసు పెంచారు, ఇంకో మందు మార్చారు, తల వైపు ఎత్తు పెట్టి పక్కకి తిరిగి పడుకోమన్నారు. పగలు కాళ్లలో చేరిన నీరు పడుకున్నాక పైకి, ఊపిరితిత్తుల్లోకి మెడలోకి వస్తుంది కాబట్టి సాయంత్రం పాదాల వాపు చూసుకోవడం కూడా ఇందులో భాగమే. కొన్ని నెలల తర్వాత మళ్లీ టెస్ట్ చేస్తే 19, అదీ సగం పైన అబ్‌స్ట్రక్టివే. అప్పుడు ల్యాబ్‌లోనే రాత్రంతా సీప్యాప్ (గొంతు మూసుకుపోకుండా మాస్క్‌లోంచి ఒకే ఒత్తిడితో గాలి తోసే మెషిన్) పెట్టి, బీపీ పడిపోకుండా చూసుకుంటూ ప్రెషర్ సెట్ చేశారు.

ఇప్పుడు రోజూ పెట్టుకుంటున్నా. గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ పెట్టాక ముక్కు ఎండిపోవడం తగ్గింది, మాస్క్ మాత్రం ఎడమ పక్కన ఇంకా లీకే. ఈసారి చెకప్‌కి మెషిన్‌లో రోజువారీ శ్వాస రికార్డు ఉండే కార్డు కూడా తెమ్మన్నారు, సెంట్రల్ మళ్లీ పెరుగుతోందా అని చూస్తారంట, పెరిగితే ముందు గుండెకి ఎకో స్కాన్ తీస్తామన్నారు.