పంటు దాటి పెరాస్ట్‌కు

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నుంచి మోంటెనెగ్రోలోని కోటోర్‌కు వెళ్లే మా బస్సు కామెనారి రేవులో ఆగి, తాపీగా పంటు ఎక్కింది. మా అమ్మాయి "ఫెర్రీ అంటారమ్మా" అని సరిదిద్దబోయింది కానీ నేను వినలేదు. నరసాపురంలో పుట్టి, సఖినేటిపల్లి వైపు చుట్టాలున్నవాళ్లకు బస్సులనూ మోటారు సైకిళ్లనూ నీళ్ల మీద మోసుకెళ్లేది ఏదైనా పంటే.

కాకపోతే మన గోదావరి మీద ఎటు చూసినా ఆకాశమే కనిపిస్తుంది. కోటోర్ ఊరున్న ఈ బోకా ఖాతంలో మాత్రం తలెత్తితే కొండ, దించితే దాని నీడ. నదీలోయ మునిగిపోగా సముద్రం లోపలికి చొరబడి ఏర్పడిన ఖాతం ఇది. వెరిగె అనేచోట మరీ ఇరుకై, గట్టుకూ గట్టుకూ మధ్య 340 మీటర్లే మిగులుతుంది. వెరిగె అంటే గొలుసులు. శత్రువుల ఓడలు రాకుండా ఒకప్పుడు అడ్డంగా గొలుసులు కట్టేవారని చెబుతారు.

కోటోర్ గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను కొంచెమే రాస్తాను. కొండ మీదికి పాకిన కోటగోడ పొడవు నాలుగున్నర కిలోమీటర్లు, పైదాకా మెట్లు 1,350. సగం దారిలో ఉన్న చిన్న చర్చి దగ్గరే నా మోకాళ్లు సమ్మె చేశాయి. ఆ చర్చి వెలసింది ఆరోగ్యమాత పేరు మీద కనుక అక్కడ ఆగడంలో తప్పేమీ లేదనుకున్నాను. కింద సెయింట్ ట్రిఫన్ చర్చి 1166 నాటిది. దాని రెండు గోపురాలూ ఒకలా ఉండవు. 1667 భూకంపం తర్వాత తిరిగి కట్టినప్పుడు ఒకటి అసంపూర్తిగా మిగిలిపోయింది. సందుల నిండా పిల్లులు. పదిన్నరకల్లా విహార ఓడల జనం దిగేసరికి పిల్లులు కూడా గోడలెక్కి కూర్చున్నాయి.

నా మనసు మాత్రం ఇదే ఖాతం ఒడ్డునున్న పెరాస్ట్ అనే ఊరి దగ్గరే నిలిచిపోయింది. నీటి అంచున ఒకే ఒక వీధి, వెనక మెట్లమెట్లుగా పాత నావికుల రాతి మేడలు. రష్యా చక్రవర్తి పీటర్ తన దేశపు యువకులను ఓడ నడపడం నేర్చుకురమ్మని ఇక్కడికే పంపాడట. ఇంత చిన్న ఊరికా అని నమ్మబుద్ధి కాలేదు.

ఊరికి ఎదురుగా రెండు దీవులు. ఒకటి సహజంగా ఏర్పడింది, రెండోది మనుషులు కట్టింది. 1452లో ఒక రాతి మీద మేరీమాత పటం దొరికిందనీ, నావికులు వచ్చీపోయేటప్పుడల్లా అక్కడ రాళ్లు వేస్తూ, పాత ఓడలను ముంచుతూ దీవిని నిలబెట్టారనీ కథ. ఇప్పటికీ ఏటా జూలై 22 సాయంత్రం పడవలు వరుసగా వెళ్లి రాళ్లు వేసి వస్తాయి.

దీవి మీది చర్చిలోకి అడుగు పెడితే గోడల పొడవునా మొక్కు తీర్చుకున్న ఓడవాళ్ల వెండి రేకులు. అవి చూసి, పక్కనున్న ప్రదర్శనశాలలో యాత్సింతా కునిచ్ అనే ఆవిడ కుట్టిన మేరీమాత పటం ముందు ఆగిపోయాను. సముద్రం మీదికి వెళ్లిన మనిషి కోసం ఎదురుచూస్తూ 25 ఏళ్లు కుట్టిందట. బంగారు, వెండి దారాలతో పాటు తన వెంట్రుకలూ వాడింది. చిన్న దేవదూతల జుట్టు ఒకచోట ముదురు రంగులో ఉంది, మరోచోట తెల్లగా ఉంది. పని సాగుతుండగానే ఆమె తల నెరిసిపోయిందన్నమాట.

గైడు దీన్ని ప్రేమకథగా చెప్పాడు. అందరూ నిట్టూర్చారు. ఎదురుచూపు సంగతి సరే, అన్నేళ్లు ఆ నడుము ఎలా నిలిచిందా అని నేను ఆలోచిస్తున్నాను. మా అమ్మ లేసు అల్లేది. మధ్యాహ్నం వంటయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా క్రోషే సూది ఆగేది కాదు. అల్లిన దారాన్ని లెక్కగట్టి ఏజెంటు డబ్బులిచ్చేవాడు. ఆ పువ్వులు ఏ దేశంలో, ఎవరి బల్లల మీద పరిచారో అమ్మకు ఎన్నడూ తెలియలేదు. వాటిలో ఒక్కటీ మా ఇంట్లో మిగల్లేదు.

"అమ్మమ్మ కూడా ఇలాగే కుట్టేదా?" అంది అమ్మాయి.

"కుట్టడం కాదే, అల్లడం" అని, దారాన్ని ఎడమ చూపుడువేలికి ఎలా చుట్టుకోవాలో గాలిలో చూపించాను. తలుపు దగ్గర కూర్చున్న పెద్దావిడ నా వేళ్ల వైపు చూసి, తన ఒడిలోని సంచి తెరిచింది. లోపల సగం అల్లిన తెల్లటి గుడ్డ, దానికి గుచ్చిన సూది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకు రాదు. ముడి ఎక్కడ వేస్తుందో మాత్రం చూపించింది. పడవవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు.